గర్భాశయ ముఖద్వారానికి చిన్న చికిత్స: తర్వాతి నెల రోజులు, తర్వాతి ఏళ్లు

"గర్భసంచి మూతి దగ్గర కణాల్లో తేడా కనిపించింది, అంతమేరకు తీసేయాలి" అని డాక్టరు చెప్పిన మాట ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేలోపే రూపం మార్చుకుంటుంది. దారిలో అక్కతో ఫోనులో చెప్పేటప్పుడు అది "ఏదో ఆపరేషనట" అవుతుంది. సాయంత్రానికి ఇంట్లో "క్యాన్సరట" అవుతుంది. మర్నాటికి బంధువుల్లో ఎవరో ఒకరు "పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీయించేసుకుంటే పీడా వదిలిపోతుంది" అని సలహా ఇస్తారు. డాక్టరు చెప్పిన పని మాత్రం చాలా సందర్భాల్లో పదిహేను నిమిషాల్లో ముగిసేది, ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి చేసేది, అదే రోజు ఇంటికి పంపించేది. అది క్యాన్సర్‌కు చేసే చికిత్స కాదు. ముందు ముందు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న కణాలను, అవి మారకముందే తొలగించే చికిత్స. ఈ తేడా తెలియక కొందరు భయపడి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు. కొందరు అవసరానికి మించిన ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. చికిత్స చేయించుకున్నవారిలోనూ చాలామంది నెల రోజులు జాగ్రత్తగా ఉండి, ఆ తర్వాత ఏళ్లపాటు చేయించుకోవలసిన పరీక్షలను మరచిపోతారు. శరీరం మానడానికి నెల చాలు కానీ, ఆ మానడం నిలబడిందో లేదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఈ వ్యాసం ఆ రెంటి గురించీ.

గర్భాశయం కింది భాగం సన్నబడి యోనిలోకి తెరుచుకునే చోటే ముఖద్వారం. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. దాని వెలుపలి వైపు యోనిలో ఉన్నటువంటి పలుచని, పొరలు పొరలుగా పేర్చినట్టుండే కణాలు ఉంటాయి. లోపలి సన్నని దారిలో మాత్రం ఒకే వరుసలో నిలబడ్డ పొడుగాటి కణాలు ఉండి జిగురును తయారు చేస్తుంటాయి. ఈ రెండు రకాల కణాలు కలిసే సరిహద్దు జీవితమంతా ఒకేచోట ఉండదు. ఈడేరినప్పుడు, గర్భం దాల్చినప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు లోపలి కణాలు బయటికి వస్తాయి. యోనిలోని ఆమ్లం తగిలి అవి క్రమంగా పొరల కణాలుగా మారతాయి. ముట్లుడిగాక ఆ సరిహద్దు మళ్లీ లోపలికి జరిగిపోతుంది. ఇలా మార్పు జరిగే వలయాన్ని పరివర్తన మండలం అంటారు. హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, ఎక్కువగా పట్టు దొరకబుచ్చుకునేది ఇక్కడే. చికిత్స గురి కూడా మొత్తం గర్భాశయం కాదు, ఈ వలయమే.

వైరస్ అన్న మాట వినగానే చాలా ఇళ్లలో మొదలయ్యే అనుమానాన్ని ముందే తీర్చుకోవాలి. లైంగిక జీవితం ఉన్న స్త్రీపురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో ఏ మందూ లేకుండానే పోతుంది. కొందరిలో మాత్రం ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందువల్ల ఈ రోజు పరీక్షలో బయటపడిన వైరస్ నిరుడు వచ్చిందా, పదిహేనేళ్ల కిందట వచ్చిందా, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందనేది ఏ పరీక్షా చెప్పలేదు. దాన్ని పట్టుకొని భార్యను గాని భర్తను గాని శంకించడానికి వైద్యపరంగా ఆధారం ఏమీ లేదు. ఈ ఒక్క మాట డాక్టరు దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చెబితే ఎన్నో కాపురాల్లో అనవసరమైన బాధ తగ్గుతుంది. ఓపీలో ఒక్కొక్కరికి దొరికే కొద్ది నిమిషాల్లో తరచూ జారిపోయేదీ ఇదే మాట.

పోకుండా నిలిచిపోయిన వైరస్‌లో కొన్ని రకాలు, ముఖ్యంగా 16, 18 సంఖ్యలవి, కణాల పెరుగుదలను గతి తప్పిస్తాయి. ప్రపంచంలోని ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. ఈ వైరస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని నిరూపించినందుకే జర్మనీ శాస్త్రవేత్త హారాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. గతి తప్పిన కణాలు పొర మందంలో ఎంతమేరకు వ్యాపించాయన్న లెక్కతో రిపోర్టుల్లో సీఐఎన్ 1, 2, 3 అని రాస్తారు. అడుగున మూడో వంతుకు పరిమితమైతే ఒకటి, మూడింట రెండు వంతుల దాకా వస్తే రెండు, అంతకు మించితే మూడు. ఈ అంకెలను క్యాన్సర్ దశలుగా పొరబడేవారు చాలామంది. రిపోర్టులో 3 అని కనబడగానే "మూడో స్టేజి" అనుకొని కూలబడిపోయిన కుటుంబాలు ఉన్నాయి. సీఐఎన్ 3 అయినా సరే, కణాలు అడుగున ఉన్న పొరను దాటి లోపలికి చొచ్చుకుపోనంతవరకు అది క్యాన్సర్ కాదు. ఒకటో స్థాయి మార్పు చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది కాబట్టి సాధారణంగా గమనిస్తూ ఉంటే సరిపోతుంది. చికిత్స ప్రధానంగా రెండు, మూడు స్థాయిలకే.

చికిత్స చేయకుండా వదిలేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ప్రపంచానికి జవాబు దొరికిన తీరు విషాదకరమైనది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో హెర్బర్ట్ గ్రీన్ అనే వైద్యుడు ఈ మార్పు క్యాన్సర్‌గా మారదని నమ్మాడు. 1966 నుంచి ఎందరో స్త్రీలకు పూర్తి చికిత్స ఇవ్వకుండా, వారికి విషయం చెప్పకుండా, కేవలం గమనిస్తూ వచ్చాడు. పత్రికల్లో ఆ సంగతి బయటపడ్డాక 1987లో అక్కడి ప్రభుత్వం న్యాయ విచారణ వేసింది. ఆ స్త్రీల రికార్డులను తర్వాతి పరిశోధకులు తిరిగి పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సీఐఎన్ 3 ఉండి, చిన్న ముక్క మాత్రమే తీసి వదిలేసినవారిలో 30 ఏళ్లలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స పొందినవారిలో అది 0.7 శాతమే. ఆ స్త్రీలు చెల్లించిన మూల్యంతో దక్కిన ఈ రెండు అంకెలను కలిపి చదువుకోవాలి. మూడింట ఒక వంతు ప్రమాదాన్ని వదిలేయడం ఎంతమాత్రం తగదు. అయితే ఆ ప్రమాదం ముప్పై ఏళ్ల మీద పరుచుకున్నది కాబట్టి రిపోర్టు చూసిన వారంలోనే ఏదో జరిగిపోతుందన్న హడావిడి కూడా అక్కర్లేదు. మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి, నెలసరి అయ్యేదాకా ఆగడానికి, సెలవు చూసుకోవడానికి సమయం ఉంటుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయానికి మరో కోణం ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ముఖద్వార క్యాన్సర్ ముందస్తు పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు రెండు శాతం లోపే. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిది శాతం దాటారు. మిగతా దేశంతో పోలిస్తే రెట్టింపు కన్నా ఎక్కువ. పరీక్ష తక్కువగా, కోత ఎక్కువగా ఉన్న ఈ పరిస్థితికి కారణాలు అనేకం. పాతికేళ్లు దాటకముందే ఇద్దరు పిల్లలు పుట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోవడం ఇక్కడ మామూలు. ఆ తర్వాత గర్భసంచితో ఇక పనేముంది అన్న భావన కుటుంబాల్లోనూ, కొందరు వైద్యుల్లోనూ బలంగా ఉంది. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని వెళ్లినప్పుడు "మూతికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాట ఆ భావనను ఆపరేషన్ బల్ల దాకా నడిపిస్తుంది.

ఆ "పుండు" చాలాసార్లు పుండే కాదు. పైన చెప్పినట్టు లోపలి కణాలు బయటి వైపుకు వచ్చినప్పుడు, అవి ఒకే వరుస కాబట్టి కింది రక్తనాళాలు కనబడి ఆ చోటు ఎర్రగా పుండులాగా అనిపిస్తుంది. దాన్ని ఎక్ట్రోపియాన్ అంటారు. వయసులో ఉన్న స్త్రీలలో అది సహజం. ముందస్తు పరీక్ష మామూలుగా ఉండి, కలయిక తర్వాత రక్తం కనబడడం వంటి ఇబ్బంది లేకపోతే దానికి చికిత్సే అక్కర్లేదు. దాని పేరుతో గర్భసంచి తీయించుకోవడానికి ఏ కారణమూ లేదు. నిజంగా సీఐఎన్ 2, 3 ఉన్నా కూడా మొదటి చికిత్స ముఖద్వారానికి పరిమితమైనదే. సంచి తీసేయడం ఇతర కారణాలు తోడైతేనే. నలభై లోపు గర్భసంచి తీయించుకుంటే అండాశయాలు మిగిల్చినా ముట్లుడిగే వయసు ముందుకు జరిగే అవకాశం ఉంది. వాటినీ తీసేస్తే ఎముకల పటుత్వం మీద, గుండె మీద ప్రభావం పడుతుంది. ఇంకో ప్రమాదం ఉంది, అది ఎక్కువమందికి తెలియదు. ముఖద్వారాన్ని సరిగా పరీక్షించకుండా మామూలు పద్ధతిలో సంచి తీసేసిన తర్వాత, తీసిన భాగంలో దాగి ఉన్న క్యాన్సర్ బయటపడితే, చేసిన ఆపరేషన్ దానికి చాలదు. తర్వాత ఇవ్వవలసిన చికిత్స కూడా కష్టతరమవుతుంది. అందుకే ఏ కోతకైనా ముందు ముందస్తు పరీక్ష రిపోర్టు అడిగి తీసుకోవడం స్త్రీల హక్కు.

కణాల తేడా బయటపడే దారులు మూడు. కణాలను గీరి తీసి గాజు పలక మీద పరచి సూక్ష్మదర్శినితో చూసే పాప్ స్మియర్ ఒకటి. వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌పీవీ పరీక్ష రెండోది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలో ఎక్కువగా చేసేది మూడోది: ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండే పదార్థాన్నే, మూడు నుంచి అయిదు శాతం గాఢతలో దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూడడం. లేత గులాబీ రంగులో ఉన్న చోట, తేడా ఉన్న మేరకు తెల్లని మచ్చ తేలుతుంది. దీపం, దూది, చూసే కన్ను ఉంటే చాలు. తేడా కనబడితే కాల్పోస్కోప్ అనే పరికరంతో పెద్దదిగా చేసి చూసి, అవసరమైతే బియ్యపు గింజంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దూరాభారాల వల్ల రెండోసారి రాలేనివారికి అదే రోజు చూసి అదే రోజు చికిత్స చేసే పద్ధతిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరిస్తుంది.

చికిత్సల్లో రెండు జాతులు ఉన్నాయి: కణాలను అక్కడికక్కడే నాశనం చేసేవి, కత్తిరించి బయటికి తీసేవి. మొదటి జాతిలో క్రయో చికిత్స ఒకటి. నైట్రస్ ఆక్సైడ్ లేదా కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చల్లబడిన లోహపు కొనను ముఖద్వారానికి ఆనించి మూడు నిమిషాలు గడ్డకట్టిస్తారు, అయిదు నిమిషాలు కరగనిస్తారు, మళ్లీ మూడు నిమిషాలు గడ్డకట్టిస్తారు. గ్యాస్ సిలిండర్లు మోయవలసిన ఇబ్బంది వల్ల ఇప్పుడు దాని స్థానంలో థర్మల్ అబ్లేషన్ వస్తోంది. అందులో సుమారు 100 డిగ్రీల వేడి ఉన్న కొనను 20 నుంచి 30 సెకన్ల పాటు ఆనిస్తారు. బ్యాటరీతో నడిచే చేతి పరికరంతోనే పని జరుగుతుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి మార్గదర్శకాలు విడుదల చేసింది. అయితే ఈ పద్ధతులు అందరికీ పనికిరావు. మచ్చ మొత్తం కనబడాలి, అది లోపలి దారిలోకి పాకి ఉండకూడదు, ముఖద్వారంలో నాలుగింట మూడు వంతులకు మించి ఆక్రమించి ఉండకూడదు, క్యాన్సర్ అన్న అనుమానం ఏ మాత్రమూ ఉండకూడదు. ఎందుకంటే కాల్చేసిన కణాలు పరీక్షకు మిగలవు. ముట్లుడిగినవారిలో సరిహద్దు లోపలికి జరిగిపోతుంది కాబట్టి వారికి తరచూ రెండో జాతి చికిత్సే వర్తిస్తుంది.

ఆ రెండో జాతిలో ఎక్కువగా చేసేది లీప్. బ్రిటన్‌లో దీన్నే ఎల్‌ఎల్‌ఈటీజెడ్ అంటారు. 1989లో వాల్టర్ ప్రెండివిల్ బృందం దాన్ని వైద్యలోకానికి పరిచయం చేసింది. సన్నని తీగను ఉంగరంలా వంచి, దానిలో కరెంటు పారించి, ఆ ఉంగరంతో పరివర్తన మండలాన్ని చెంచాతో తోడినట్టు తీసేస్తారు. గతి తప్పిన కణాలు ముఖద్వారంలోని సూక్ష్మ గ్రంథుల గుంటల్లోకి కూడా దిగుతాయి. ఆ గుంటల లోతు దాదాపు అందరిలోనూ నాలుగైదు మిల్లీమీటర్ల లోపే. అందుకే కనీసం ఏడు మిల్లీమీటర్ల లోతుకు తీయాలన్నది నియమం. బల్ల మీద పడుకున్న స్త్రీకి మొదట తెలిసేది పాప్ పరీక్షలో యోనిని తెరిచి ఉంచడానికి వాడే స్పెక్యులమ్ అనే పరికరం చల్లదనం. తర్వాత మత్తు ఇంజక్షన్ చురుక్కుమంటుంది. మత్తు మందులో రక్తస్రావం తగ్గించడానికి కలిపే అడ్రినలిన్ వల్ల కొన్ని నిమిషాలు గుండె దడదడలాడి, కాళ్లు వణుకుతాయి. ఇది ముందే చెప్పకపోతే "నాకేదో అయిపోతోంది" అన్న భయం కలుగుతుంది. చెబితే అది మందు పని అని తెలిసి ఊపిరి తీసుకుంటూ ఆగుతారు. పొగ పీల్చే యంత్రం రొద, కొద్దిగా కాలిన వాసన, పొత్తికడుపులో నెలసరి నొప్పిలాంటి లాగుడు. కరెంటు పారే సమయం ఒక నిమిషం కూడా ఉండదు. రక్తం కారే చోట్లను గుండు కొనతో మాడ్చి, మాన్సెల్ ద్రావణం అనే ఇనుము కలిసిన మందును పూస్తారు. బొటనవేలి గోరంత ముక్క ఫార్మలిన్ సీసాలోకి వెళుతుంది. కుట్లు ఉండవు. లేచి కూర్చోగానే కళ్లు తిరగవచ్చు కనుక పది నిమిషాలు పడుకోవాలి, ఇంటికి ఒంటరిగా వెళ్లకూడదు.

మొదటి రెండు రోజులు నెలసరి నొప్పిని పోలిన నొప్పి ఉంటుంది. సాధారణంగా పారాసెటమాల్‌తో తగ్గుతుంది. ఆ తర్వాత కనబడే స్రావమే ఎక్కువమందిని కలవరపెడుతుంది. మాన్సెల్ మందు, మాడిన కణజాలం, పాత రక్తం కలిసి కాఫీ పొడి నానబెట్టినట్టున్న ముదురు గోధుమ, నలుపు రంగు నలుసులు ప్యాడ్ మీద పడతాయి. అది కుళ్లు కాదు, మందే. క్రయో అయితే స్రావం నీళ్లలాగా, ప్యాడ్లు తడిసేటంత ఎక్కువగా, నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఉండవచ్చు. లీప్ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో ఒక ప్రత్యేక సమయం ఉంది. మోకాలికి దెబ్బ తగిలి మానేటప్పుడు పైన చెక్కు కట్టి ఊడినట్టే ఇక్కడా చెక్కు ఊడుతుంది. అప్పటిదాకా తగ్గుముఖం పట్టిన రక్తం ఒకటి రెండు రోజులు మళ్లీ ఎర్రగా కనబడుతుంది. "వారం బాగానే ఉంది, మళ్లీ మొదలైంది" అని బెదిరిపోయేది ఈ రోజుల్లోనే. ప్యాడ్ మీద మరకలంత ఉంటే ఓర్చుకోవచ్చు.

ఈ నాలుగు వారాలూ యోనిలోకి ఏదీ వెళ్లకూడదన్నది ప్రధాన నియమం. భార్యాభర్తల కలయిక, టాంపాన్, మెన్‌స్ట్రువల్ కప్, డాక్టరు రాయని మందు బిళ్లలు, లోపల కడగడం అన్నీ ఇందులోకి వస్తాయి. చెరువులో, ఈత కొలనులో దిగకూడదు, చెంబుతో లేదా షవర్ కింద మామూలు స్నానం చేయవచ్చు. బరువుల సంగతిలో మన దగ్గర ప్రత్యేకంగా ఆలోచించాలి. "బరువులు ఎత్తవద్దు" అని చీటీ మీద రాసే వాక్యం ఆఫీసులో కూర్చునే స్త్రీకి ఒకలా, రోజుకు పది బిందెల నీళ్లు మోసే స్త్రీకి, వరినాట్లకు వంగే స్త్రీకి, ఇటుక బట్టీలో పనిచేసే స్త్రీకి మరోలా వర్తిస్తుంది. వారికి కనీసం మొదటి రెండు వారాలు, చెక్కు ఊడే సమయం దాటేదాకా, ఆ పనులు ఇంట్లో మరొకరు అందుకోవాలి. కూలి పోతుందన్న బాధ నిజమైనదే కనుక, వీలున్న చోట నాట్ల రోజులు, కోతల రోజులు చూసుకొని చికిత్స తేదీ పెట్టించుకోవడంలో తప్పులేదు. ఆఫీసు పని, వంట, నడక మర్నాటి నుంచే చేసుకోవచ్చు.

తిండి విషయంలో ఇళ్లలో పెట్టే పథ్యానికి ఇక్కడ చోటు లేదు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర పడవని పక్కన పెట్టడం వల్ల మానే కణజాలానికి కావలసిన మాంసకృత్తులు, ఇనుము దూరమవుతాయి. మన స్త్రీలలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. పప్పు, ఆకుకూరలు, గుడ్డు, మాంసం అలవాటున్నవారు అవి తినడం మంచిది. నీళ్లు, పీచు పదార్థం తగినంతగా తీసుకుంటే మలబద్ధకం వల్ల ముక్కవలసిన అవసరం రాదు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలో ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసేలా రక్తం పోవడం, పెద్ద గడ్డలు పడడం, 38 డిగ్రీలు అంటే వందకు పైబడిన జ్వరం, దుర్వాసనతో కూడిన పసుపు లేదా ఆకుపచ్చ స్రావం, మాత్రకు లొంగని పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం. వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రి అయినా సరే వెళ్లాలి. అధిక రక్తస్రావం అయ్యేది కొద్దిమందికే. అయినా వారికి చేయవలసింది సులువు: మళ్లీ మాడ్చడం, గాజుగుడ్డ అదిమి ఉంచడం, ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్. సిగ్గుపడి తెల్లారేదాకా ఓర్చుకోవడం వల్లే అది ప్రమాదమవుతుంది.

చికిత్సను సాధారణంగా నెలసరి ముగిసిన వెంటనే పెట్టుకుంటారు. గర్భం లేదని రూఢి అవుతుంది, చికిత్స రక్తమేదో ముట్టు రక్తమేదో తికమక ఉండదు. తర్వాతి నెలసరి కాస్త ఆలస్యంగానో, ఎక్కువగానో రావచ్చు. అది ఒకటి రెండు నెలల్లో సర్దుకుంటుంది. అరుదుగా ముఖద్వారం దారి బిగుసుకుపోయి, నెలసరి సరిగా రాక కడుపు నొప్పి మాత్రం వస్తుంది. అలా జరిగితే డాక్టరుకు చెప్పాలి.

పిల్లలు కావాలనుకునేవారి ఆందోళనకు స్పష్టమైన జవాబు ఉంది. ఈ చికిత్స వల్ల గర్భం దాల్చే శక్తి సాధారణంగా తగ్గదు. అయితే తీసిన లోతు ఒక సెంటీమీటరు దాటినప్పుడు, లేదా చికిత్స రెండుసార్లు చేయవలసి వచ్చినప్పుడు, నెలలు నిండకముందే కాన్పయ్యే అవకాశం కొంత పెరుగుతుంది. అందుకే గర్భం వచ్చిన మొదటి పరీక్షలోనే "ముఖద్వారానికి చికిత్స జరిగింది" అని చెప్పి, ఎంత లోతు తీశారో ఉన్న కాగితం చూపించాలి. మధ్య నెలల్లో స్కానింగ్‌తో ముఖద్వారం పొడవు కొలిచి, అవసరమైతే కుట్టు వేయడమో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ఇవ్వడమో చేస్తారు. పుట్టింట్లో పురుడు పోసుకునే ఆచారం ఉన్న మన దగ్గర, అత్తింటి ఊరి ఆసుపత్రి కాగితాలు పుట్టింటి ఊరి డాక్టరుకు చేరవు. ఆ కాగితం మాత్రం చీరల పెట్టెలో కాకుండా గర్భిణికి ఇచ్చే కార్డుతో పాటే ఉండాలి.

ముక్క పరీక్ష రిపోర్టు సాధారణంగా రెండు మూడు వారాల్లో వస్తుంది. కుటుంబాలు అందులో వెతికేది "క్యాన్సర్ లేదు" అన్న ఒక్క మాట. చదవవలసినవి మరో రెండున్నాయి. ఒకటి, సీఐఎన్ ఏ స్థాయి అనేది. రెండు, తీసిన ముక్క అంచుల్లో గతి తప్పిన కణాలు ఉన్నాయా లేదా అనేది. అంచులు శుభ్రంగా ఉన్నాయంటే తీయవలసినదంతా వచ్చిందని అర్థం. అంచుల్లో ఉన్నాయంటే తప్పకుండా మిగిలిపోయిందని కాదు. మాడ్చిన వేడికీ, మానే క్రమంలో శరీర రోగనిరోధక శక్తికీ మిగిలిన కణాలు పోవడం తరచూ జరుగుతుంది. అయినా అలాంటివారికి మార్పు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, వెంటనే మళ్లీ కోయడం కన్నా తర్వాతి పరీక్షను ఏమాత్రం తప్పకుండా చేయించడం ముఖ్యం.

ఆ తర్వాతి పరీక్ష మరీ తొందరగా చేయించకూడదు. మానుతున్న కణాలు సూక్ష్మదర్శినిలో గతి తప్పిన కణాల్లాగే కనబడి లేనిపోని భయం పుట్టిస్తాయి. బ్రిటన్‌లో ఆరు నెలలకు హెచ్‌పీవీ పరీక్ష చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చికిత్స అయిన ఏడాదికి ఒకసారి చేయాలని, అది మామూలుగా ఉంటే అందరికీ వర్తించే మామూలు వ్యవధిలో కొనసాగించాలని, హెచ్‌ఐవీ ఉన్నవారికైతే మరో ఏడాదికి ఇంకోసారి చేయాలని అంటాయి. చికిత్స పదిమందిలో తొమ్మిదిమందికి ఒక్కసారితోనే పనిచేస్తుంది. మిగిలిన ఆ ఒక్కరిని పట్టుకునేది ఈ పరీక్షే. ఒకసారి సీఐఎన్ 3 వచ్చిన స్త్రీకి, చికిత్స విజయవంతమైనా, ఇతర స్త్రీలకన్నా ప్రమాదం కనీసం ఇరవై ఏళ్ల పాటు కొంత ఎక్కువగానే ఉంటుందని దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి. అందువల్ల ఒకటి రెండు పరీక్షలు మామూలుగా వచ్చాయని మానేయకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మార్పు తిరిగి వచ్చే అవకాశం మరింత ఎక్కువ. వారు హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పక వాడుతూ మూడేళ్లకో అయిదేళ్లకో పరీక్ష చేయించుకుంటూనే ఉండాలి. తర్వాతి రోజుల్లో వేరే కారణంతో గర్భసంచి తీయించుకున్నా, పాత సీఐఎన్ చరిత్ర ఉన్నవారికి యోని పైభాగం నుంచి కణాలు తీసి పరీక్షించవలసి ఉంటుంది. సంచే లేదు కదా, పరీక్ష ఎందుకని ఆపేస్తే ప్రమాదం.

పొగాకు విషయం ఇక్కడ చెప్పుకోవాలి. పొగలోని రసాయనాలు ముఖద్వారపు జిగురులోకి చేరతాయి, అక్కడి రోగనిరోధక శక్తిని తగ్గించి వైరస్ పోకుండా నిలవడానికి తోడ్పడతాయి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ తాగే అలవాటు పెద్ద వయసు స్త్రీలలో ఇంకా ఉంది. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎన్నాళ్లుగానో చెబుతూ వచ్చారు. ముఖద్వారానికి చికిత్స అయినవారికి ఆ అలవాటు మానడానికి ఇది మరో కారణం. ఇంట్లో మగవారు తాగే పొగ సంగతీ అంతే.

చికిత్స తర్వాత మనసు మానడం శరీరం కన్నా నెమ్మదిగా జరుగుతుంది. నాలుగు వారాలు గడిచాక కూడా కలయిక అంటే భయం, మళ్లీ రక్తం వస్తుందేమోనన్న బెదురు, తాను ఏదో తప్పు చేశానన్న భావం చాలామంది స్త్రీలలో ఉంటాయి. వీటిని ఎవరితోనూ చెప్పుకోరు. అత్తగారికి "చిన్న ఆపరేషన్" అని మాత్రమే తెలుస్తుంది, భర్తకు "నెల రోజులు వద్దన్నారు" అన్నంతే తెలుస్తుంది. ఆ నియమం పెట్టినది డాక్టరు, భార్య కాదు అన్న సంగతి భర్తకు నేరుగా ఆసుపత్రిలోనే చెప్పించడం ఎంతో మేలు చేస్తుంది. మొదటిసారి కొద్దిగా మరక కనబడితే భయపడనక్కర్లేదు. నొప్పి, రక్తం పదేపదే వస్తుంటే చూపించుకోవాలి.

చికిత్స అయిన స్త్రీ ఇంట్లో ముప్పై దాటిన అక్కచెల్లెళ్లు, తోడికోడళ్లు ఉంటే వారికి కూడా ముందస్తు పరీక్ష చేయించడానికి అదే మంచి సమయం. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి ఎసిటిక్ ఆమ్ల పరీక్ష ఉంది. ఊళ్లో ఆశా కార్యకర్తను గాని ఏఎన్ఎంను గాని అడిగితే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడు చేస్తారో చెబుతారు. చికిత్స చేయించుకున్న స్త్రీ తన ఫైలులో మూడు కాగితాలు విడిగా దాచుకోవాలి: చికిత్సకు ముందు చేసిన పరీక్ష రిపోర్టు, తీసిన లోతు రాసిన డిశ్చార్జి చీటీ, అంచుల సంగతి రాసిన ముక్క పరీక్ష రిపోర్టు. ఊరు మారినా, డాక్టరు మారినా, తర్వాత ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో నిర్ణయించడానికి ఆ మూడూ చాలు. తర్వాతి పరీక్ష తేదీని ఆ ఫైలు అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాలి.